మేడ మీద నల్ల షీటు: మీ ఉత్తరాలు, నా జవాబులు

మే నెల సగానికొచ్చిందంటే నాకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. అంతదాకా గోడ రంగులు, బాత్రూమ్ టైల్స్ గురించి అడిగినవాళ్లంతా ఒక్కసారిగా మేడెక్కుతారు. ఈసారి ఎక్కువమంది అడిగింది గ్యాస్ బర్నర్‌తో కాల్చి అతికించే తారు షీటు గురించి. హైదరాబాద్ డాబాల మీద ముప్పై ఏళ్లు తారు వాసన పీల్చినవాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మాది మల్కాజిగిరిలో 2004లో కట్టిన ఇల్లు. పోయిన వానాకాలం నుంచి పై అంతస్తు హాల్లో, వంటింటి మూలన చెమ్మ దిగుతోంది. ఒకచోట పెచ్చు ఊడి చువ్వ కనబడుతోంది. ఒకాయన 4 మిల్లీమీటర్ల తారు షీటు వేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నాడు. ఇంకొకాయన తెల్ల కెమికల్ రెండు పూతలు చాలన్నాడు. మావారు నన్నే తేల్చమంటున్నారు. ఏది వేయించాలి?
— ఒక గృహిణి, మల్కాజిగిరి

అమ్మా, ముందు నాదొక ప్రశ్న. వంటింటి మూలన ఉన్న చెమ్మ ఎండాకాలంలో ఆరిందా, ఆరలేదా? మన ఇళ్లలో నీళ్ల ట్యాంకు చాలావరకు వంటిల్లు, బాత్రూమ్ పైనే కూర్చుంటుంది. ఏప్రిల్‌లో కూడా అక్కడ తడి ఉందంటే అది వాన నీరు కాదు, ట్యాంకు గొట్టం జాయింటో, పొంగిపొర్లే నీరో. దాని మీద ఎంత ఖరీదైన షీటు పరిచినా దండగే. ట్యాంకు వాల్వు కట్టేసి, రెండు రోజులు కింది డ్రమ్ము నీళ్లతో గడిపి చూడండి. చెమ్మ తగ్గితే ప్లంబర్‌ని పిలవండి, నన్ను కాదు.

హాల్లోది వానదే అనుకుందాం. వాన వెలిసిన గంటకు గొడుగు తీసుకుని మేడెక్కండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో ఆ మడుగు చుట్టూ చాక్‌పీసుతో గీయండి. తర్వాత వచ్చే ఏ కాంట్రాక్టరుకైనా ముందు ఆ గీతలే చూపించండి. డాబాకు వాటం ఉండాలి: పది అడుగులకు అంగుళంన్నర, మరీ తక్కువంటే అంగుళంపావు. ఇరవై ఏళ్ల కిందట కట్టిన మన కాలనీ ఇళ్లలో చాలావాటికి అది ఉండదు. వాటం సరిచేయకుండా షీటు వేస్తానన్నవాడికి టీ ఇచ్చి పంపేయండి.

ఇక షీటా, కెమికలా? తెల్ల కోటింగ్ చెడ్డది కాదు. సన్న పగుళ్లను మూస్తుంది, కింద గదిలో వేడి తగ్గిస్తుంది, గొట్టాలు ఎక్కువున్న ఇరుకు డాబా మీద బ్రష్ అన్ని మూలలకూ పోతుంది. కానీ అందులో చాలా రకాలు నిలిచిన నీటిలో నానితే మెత్తబడి పొరలు లేస్తాయి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేస్తూనే ఉండాలి. మీకు చువ్వ కనబడుతోందంటే నీళ్లు చాలాకాలంగా దిగుతున్నట్టే. ఖాళీగా ఉన్న విశాలమైన డాబా అయితే నేను షీటుకే ఓటేస్తాను. అంతకంటే ముందు ఆ చువ్వ సంగతి చూడాలి. చుట్టూ వదులైన కాంక్రీటు కొట్టేసి, తుప్పు పూర్తిగా గీకి, తుప్పు పట్టని పూత పూసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చాలి. ఇది కింద నుంచి చేసే పని. పైన షీటు వేసిన మేస్త్రి దీన్ని "అది మాది కాదు సార్" అని వదిలేస్తాడు. ముందే మాట్లాడుకోండి.

షీట్లలో రెండు జాతులున్నాయి. ఒకటి ఏపీపీ, ఒకటి ఎస్‌బీఎస్. రెండూ తారులో ఒక పాలిమర్ కలిపి చేసేవే. ఎస్‌బీఎస్ రబ్బరులా సాగుతుంది, చలి దేశాల్లో పగలకుండా ఉంటుంది. 1960లలో ఇటలీలో పుట్టిన ఏపీపీ వేడికి తొందరగా మెత్తబడదు, అందుకే మన ఎండలకు అదే వాడతాం. లోపల జాలీలాంటి బట్ట ఉంటుంది. అది పాలియెస్టర్‌ది అడగండి, గాజు పీచుది చవక గానీ గుచ్చుకుంటే చిరుగుతుంది. పైన ఏమీ కప్పకుండా వదిలేసే ఉద్దేశం ఉంటే రాతి పలుకులు అంటించిన రకమే కావాలి. పాలిథిన్ పొర ఉన్న సాదా షీటును ఎండకు వదిలితే కొన్నేళ్లకే ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది.

ఇప్పుడు అసలు మాట. షీటు నడిమధ్యలో కారిన డాబాలను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కారేదంతా అంచుల్లోనే: పిట్టగోడ కిందా, గొట్టం చుట్టూ, వాన నీళ్లు దిగే మూతి దగ్గరా. పిట్టగోడ, స్లాబు కలిసే మూల లంబంగా ఉంటే షీటు అక్కడ మడతపడి కింద బోలు మిగులుతుంది. అందుకే ముందు సిమెంటుతో ఏటవాలుగా పూడుస్తారు. మన మేస్త్రులు దీన్ని గోలా అంటారు. షీటు ఆ గోలా మీదుగా పిట్టగోడ మీదికి, పూర్తయిన డాబా మట్టం నుంచి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కాలి. గోడలో సన్నటి గాడి కొట్టి దాని అంచును అందులోకి దూర్చి మూసేయాలి. కాంట్రాక్టరు రేటు తగ్గించాడంటే సాధారణంగా తగ్గించేది ఈ గాడినే.

2020 అక్టోబరు 13 గుర్తుందా? ఆ ఒక్క రోజులో బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. 1200 చదరపు అడుగుల డాబా మీద అది 21 వేల లీటర్ల నీరు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఆ రాత్రి నేను షీటు వేసిన ఒక ఇంటి నుంచి ఫోనొచ్చింది. హాల్లో ఫ్యాన్ కొక్కెం నుంచి ధార కడుతోందట. తెల్లారి వెళ్లి చూస్తే షీటుకు ఏమీ కాలేదు. వాన గొట్టం ఒక్కటే ఉంది, దాని మూతిలో సంక్రాంతి నాటి పతంగి, దాని చుట్టూ ఉండ చుట్టుకున్న మాంజా, వేపాకు. నీళ్లు పోయే దారిలేక డాబా చెరువై, షీటు అంచు దాటి పైకెక్కి గోడలోంచి వెనక్కి దిగాయి. అప్పటినుంచీ ఏ డాబాకైనా రెండో గొట్టం పెట్టనివ్వకపోతే పని ఒప్పుకోలేదు. మీరూ రెండోది పెట్టించండి. రెండింటికీ బోర్లించిన బుట్టలాంటి జాలీ బిగించండి, సంక్రాంతి వెళ్లిన వారం ఒకసారి మేడెక్కండి.

మా డాబా 30 అడుగులు, 40 అడుగులు. కాంట్రాక్టరు 22 రోల్స్ రాశాడు. ఎక్కువనిపిస్తోంది. లెక్క చెప్పగలరా?
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వనస్థలిపురం

మాస్టారూ, మీ అనుమానం నిజమే. రోల్ మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు. పక్క షీటు మీదికి 10 సెంటీమీటర్లు, పొడవు చివర 15 సెంటీమీటర్లు ఎక్కాలి. అవి పోగా ఒక రోల్ కప్పేది సుమారు 95 చదరపు అడుగులు. మీ డాబా 1200, పిట్టగోడ చుట్టుకొలత 140 అడుగులకు అడుగు ఎత్తు లెక్కేస్తే ఇంకో 140. మొత్తం 1340ని 95తో భాగిస్తే 14కి కాస్త పైన. మూలల ముక్కలు, మెట్ల గది గోడలు కలుపుకుంటే 15, 16. ఇరవై రెండు ఎక్కడిదో ఆయన్నే బోర్డు మీద వేసి చూపమనండి.

ఇంకొకటి. రోల్స్ వచ్చిన రోజే ఒకటి కాటా మీద పెట్టండి. 4 మిల్లీమీటర్లది దాదాపు 40 కిలోలు తూగాలి. ముప్పై దగ్గర ఆగితే అది 3 మిల్లీమీటర్లది. రోల్స్‌ను నిలబెట్టి ఉంచాలి, పడుకోబెట్టి ఒకదానిమీదొకటి పేరిస్తే అణిగిపోతాయి.

రెండేళ్ల కింద షీటు వేయించాం. ఇప్పుడు అక్కడక్కడా బుడగల్లా ఉబ్బింది. కాలు పెడితే మెత్తగా దిగుతోంది. కత్తితో కోసి గాలి తీసేయమంటున్నారు. కోయొచ్చా?
— నిజాంపేట నుంచి ఒక పాఠకుడు

కోయడం కాదు బాబూ, ముందు ఎందుకు ఉబ్బిందో చూడండి. ఈ తప్పు నేనే చేశాను కాబట్టి చెప్పగలను.

సొంతంగా కాంట్రాక్టులు మొదలుపెట్టిన కొత్తల్లో రామంతపూర్‌లో ఒక ఇల్లు ఒప్పుకున్నాను. వాళ్లింట్లో పెళ్లి, మేడ మీద పందిరి వేయాలి, అప్పటికల్లా పని అయిపోవాలి. రెండ్రోజుల ముందే వాన పడి ఆగింది. పైన ఎండ బాగానే కాస్తోంది, స్లాబు తెల్లగా కనబడుతోంది. నా దగ్గర పనిచేసే ముసలి మేస్త్రి అరచెయ్యి ఆనించి "గిది లోపల పచ్చిగుంది సార్, నాలుగు దినాలు ఆగుదాం" అన్నాడు. నేను వినలేదు. పెళ్లి బాగా జరిగింది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ షీటు నూనెలో పడ్డ పూరీలా పొంగింది. స్లాబులో చిక్కిన తడి ఎండకు ఆవిరై పైకి లేస్తే, పైన కాల్చి అతికించిన మూత ఉంది, ఎటు పోతుంది? మొత్తం పీకి నా ఖర్చుతో మళ్లీ వేశాను. ఆ ఏడాది మా ఇంట్లో బోనాలకు కొత్త బట్టల్లేవు.

తడి ఉందో లేదో చూడటానికి మిషన్లు అక్కర్లేదు. మీటరు చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు డాబా మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించండి. సాయంత్రం పెట్టి మర్నాడు పొద్దున చూడండి. లోపలివైపు చెమట పట్టిందా, పని ఆపండి. ఎక్కువ నీళ్లు నిలిచే చోట, నీడ పడే చోట రెండు మూడు కవర్లు పెడితే మంచిది.

మీ బుడగల సంగతి. అరచేయంత చిన్నవి, పెరగనివి అయితే ముట్టుకోకండి, చుట్టూ చాక్‌పీసుతో గీసి ఆర్నెల్లకోసారి చూడండి. పెరుగుతున్నా, కాలు పడే దారిలో ఉన్నా, జాయింటు దాకా పాకినా కోయాలి. గుణకారం గుర్తులా కోసి నాలుగు రెక్కలూ వెనక్కి తిప్పి, లోపలి తడి పూర్తిగా ఆరనిచ్చి, రెక్కలను మళ్లీ కాల్చి అతికించి, పైన అన్నివైపులా 15 సెంటీమీటర్లు దాటేలా కొత్త ముక్క వేయాలి. వానాకాలం ముందే చేయించండి. ఊరికే పొడిచి గాలి తీసి సీలెంట్ పూస్తానంటే అది నీళ్లకు వాకిలి తీసినట్టే.

నేను ఉప్పల్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌ని. ఈమధ్యే బర్నర్ పట్టుకోనిస్తున్నారు. షీటు ఎంత కాల్చాలో ఎవరూ సరిగా చెప్పట్లేదు. "చూసి నేర్చుకో" అంటున్నారు.

తమ్ముడూ, ఈ ఉత్తరం చూసి సంతోషమేసింది. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లు కూడా ఈ ప్రశ్న అడగరు.

మీ అమ్మ అరిసెల పాకం పట్టడం చూశావా? ముదిరితే గట్టి, లేతదైతే విరిగిపోతుంది. ఇదీ అంతే. రోల్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మంట తగలగానే అది ముడుచుకుని కరిగి మాయమవుతుంది. దాని కింద తారు నిగనిగ మెరవడం మొదలుపెడుతుంది. ఆ మెరుపే నీకు గుర్తు. అప్పుడు కాలితో రోల్‌ను ముందుకు దొర్లించు. మంటను ఒకేచోట ఆపకు, రోల్ వెడల్పంతా అటూ ఇటూ ఊపుతూ ఉండు, ఎక్కువ మంట రోల్ మీద, తక్కువ నేల మీద. జాయింటు దగ్గర అంచు పొడవునా కరిగిన తారు నల్ల తీగలా సెంటీమీటరు వెడల్పున బయటికి రావాలి. తీగ రాకపోతే అతకలేదన్నమాట. చాలా వెడల్పుగా పారితే ఎక్కువ కాల్చావు. పొగ కమ్మి లోపలి తెల్ల బట్ట కనబడిందంటే ఆ ముక్క పనికిరాదు, కోసి పారేయ్. రాతి పలుకుల షీటు అయితే చివర జాయింటు దగ్గర ముందు ఆ పలుకులు తారులో మునిగేదాకా కాల్చి, తాపీతో అదిమి, ఆ తర్వాతే పై షీటు వేయాలి. పలుకుల మీద పలుకులు అతకవు.

పని ఎప్పుడూ పల్లం నుంచి మొదలుపెట్టు. వాన గొట్టం దగ్గర మొదటి షీటు, అక్కణ్ణుంచి ఎత్తువైపు. పెంకుటింటి మీద పెంకులు పేర్చినట్టు, పైది కిందిదాని మీదికి ఎక్కాలి. జాయింట్లు చల్లారాక తాపీ మొనతో అంచంతా గీసుకుంటూ పో. ఎక్కడ మొన లోపలికి దూరితే అక్కడ మళ్లీ కాల్చు. వేడిగా ఉన్నప్పుడు గీకితే నువ్వే చింపుతావు.

ఇక ప్రాణానికి సంబంధించినవి. షీటు బాగా అతకడానికి ముందుగా పూసే పల్చటి తారు పూత, అదే ప్రైమర్, పూసిన డాబా మీద వెంటనే బర్నర్ ముట్టించకు. అందులో ఉండేది మండే ద్రావకం. వేలు ఆనిస్తే అంటుకోనంత ఆరాలి, అందుకు కొన్ని గంటలు పడుతుంది, మబ్బు పట్టిన రోజైతే ఇంకా ఎక్కువ. ప్రైమర్ డబ్బా కిందికి దింపేశాకే అగ్గి. సిలిండర్ నిలబెట్టే వాడాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు పైపు జాయింట్లకు సబ్బు నీళ్లు పూసి బుడగలొస్తాయేమో చూడు. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకయితే పైకెగిరిపోదు, పిట్టగోడల మధ్య నీళ్లలా నిలుస్తుంది, లిఫ్టు గుంతలోకి దిగుతుంది. మీ సేటు ఇంటి సిలిండర్ పంపితే తీసుకోకు, 19 కిలోల కమర్షియల్‌దే అడుగు. నైలాన్ చొక్కా వద్దు, నిండు చేతుల నూలు చొక్కా, తోలు గ్లౌజులు, బూట్లు. ప్లాస్టిక్ ట్యాంకు, కేబుల్ వైర్లు, థర్మోకోల్ ఉన్నచోట మంటతో పని పెట్టుకోకు, అక్కడ చల్లగా అతికే రకం షీట్లుంటాయి. మంటలార్పే సిలిండర్ మేడ మీదే ఉండాలి, కింద వ్యాన్‌లో కాదు. పని అయిపోయాక ఒక గంట అక్కడే కూర్చో. పాత తలుపు చెక్కలో చిక్కిన నిప్పు అరగంట తర్వాత లేవడం కళ్లారా చూశాను.

మేలో పొద్దున ఆరుకే మొదలుపెట్టండి. మధ్యాహ్నం షీటు మీద నడిస్తే బూటు అచ్చులు పడతాయి, నీకూ వడదెబ్బ.

మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. డాబా కారి పై అంతస్తు ఫ్లాట్ తడుస్తోంది. కింది అంతస్తులవాళ్లు "మాకేం సంబంధం, వాళ్లే వేయించుకోవాలి" అంటున్నారు. సెక్రటరీగా నాకు టెన్షన్.
— నాచారం

ఎవరి నెత్తి మీద కారితే వాళ్లదే ఖర్చు అంటే, మోటారు కాలినప్పుడు మొదట నీళ్లు రాని ఫ్లాట్‌వాళ్లే మోటారు కొనాలి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పైకప్పు ఉమ్మడి భాగమే. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలోనూ టెర్రస్ ఉమ్మడి భాగాల్లోకే వస్తుంది. ఖర్చు అందరిదీ. మీది రెరా కిందికి వచ్చే కొత్త బిల్డింగ్ అయి, స్వాధీనం ఇచ్చి అయిదేళ్లు దాటకపోతే ముందు బిల్డరుకు రాతపూర్వకంగా రాయండి. పనితనంలో లోపాలను తెలిపిన 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయించాల్సింది ఆయనే. ఫోన్‌లో చెబితే లెక్కలోకి రాదు.

మీటింగ్‌లో మాత్రం చట్టం కాగితాలతో మొదలుపెట్టకండి. రెండో అంతస్తు ఆయన్ని పై ఫ్లాట్‌కు తీసుకెళ్లి ఆ తడిసిన పరుపు చూపించండి. చువ్వలు తుప్పు పట్టేది అందరి స్లాబుకే అని అక్కడ చెబితే చెవికెక్కుతుంది.

డబ్బు వసూలయ్యాక ఆఖరి పదో పరకో శాతం నీటి పరీక్ష అయ్యేదాకా ఆపండి. వాన గొట్టాలు మూసి, రెండంగుళాల నీళ్లు కట్టి, రెండు రోజులు నిలపాలి. ఆ రెండు రోజులూ పై ఫ్లాట్‌వాళ్లు ఊళ్లో ఉండాలి, సీలింగ్ చూడాలి కదా. పరీక్ష అయ్యాకే పైన టైల్స్‌గానీ సిమెంటు గచ్చుగానీ వేయించండి. టైల్స్ వేశాక పరీక్ష పెట్టి, ఎక్కడ కారుతోందో తెలియక మొత్తం పీకిన అపార్ట్‌మెంట్ ఒకటి నాకు తెలుసు.

షీటు వేశాక మేడ మీద వడియాలు పెట్టుకోవచ్చా? మా అత్తగారి ప్రశ్న. నాకైతే పూలకుండీల గురించి తెలుసుకోవాలని ఉంది.
— ఒక కోడలు, తార్నాక

అత్తగారికి నమస్కారాలు. నల్ల షీటు మే ఎండలో చెప్పుల్లేకుండా కాలు పెట్టనివ్వదు. వడియాలు ఎండటం తొందరగానే ఎండుతాయి గానీ తారు వాసనతో ఎండుతాయి. దాని మీద మంచం కోళ్లు దిగబడతాయి, కుర్చీ కాళ్లు గుచ్చుకుంటాయి. మేడ వాడుకునే ఇల్లయితే షీటు మీద రక్షణగా ఒక బట్ట పొర పరిచి, దానిపై రెండంగుళాల సిమెంటు గచ్చు గళ్లుగళ్లుగా వేసి, పైన తెల్ల టైల్స్ పరిపించండి. అప్పుడు వడియాలూ, ఆవకాయకు మామిడి ముక్కలూ అన్నీ ఆరబెట్టుకోవచ్చు, కింద గదీ చల్లబడుతుంది.

కుండీలు పెట్టండి, కానీ స్టాండ్ల మీద. కుండీ అడుగున తడి ఎప్పుడూ ఆరదు, వేళ్లు దారి వెతుక్కుంటాయి. మట్టి నేరుగా పోసి తోట వేస్తానంటే మాత్రం వేళ్లను ఆపే ప్రత్యేకమైన షీటు ఉంటుంది, అదే అడగండి, స్లాబు ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరుకు ముందే చూపించండి. డిష్ యాంటెన్నా పెట్టడానికి వచ్చే కుర్రాణ్ణి డాబా మీద డ్రిల్లు పట్టుకోనివ్వకండి. మా ఇంట్లో నేను లేనప్పుడు వచ్చి నా షీటుకే నాలుగు బోల్టులు కొట్టి పోయాడు. ఇప్పుడది మెట్ల గది గోడకుంది.

ఈ ఏడాదికి పిండి కలిపేసి ఉంటే అత్తగారిని ఆ మెట్ల గది కప్పు మీద పెట్టుకోమనండి. మా ఇంటావిడ అక్కడే పెడుతుంది, కాకులకు మాత్రం కాపలా కావాలి.